పొర ముదిరేదాకా

చిక్కడపల్లి,
12 మార్చి 2024

చెల్లె అనసూయకు,

అక్క హనుమమ్మ రాస్తున్నది. ముందు బాగున్నామని రాసి తర్వాత కష్టాలు చెప్పుకోవడం నాకు చేతకాదు. రెండూ కలిపే రాస్తాను. ఉమాకాంత్‌కు జలుబు, కోడలు మహేశ్వరికి బడిలో పరీక్షల పని, నాకు కళ్లు. మిగతాదంతా బాగానే ఉంది.

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటని అనుకుంటావు. ఉమాకాంత్ నల్ల స్కెచ్ పెన్ను తెచ్చిచ్చాడు. మామూలు పెన్నుతో రాస్తే నేను రాసింది నాకే కనబడడం లేదు. రెండు కళ్లలోనూ పొర వచ్చింది. కుడిది మరీ ఎక్కువ, ఎండలో నిలబడితే అంతా పాలు పోసినట్టు ఉంటుంది. మొన్న పొద్దున తలుపు కొడితే పాలతననుకుని కరెంటు బిల్లు కొట్టే అతనికి గిన్నె పట్టాను. "అమ్మా, నేను మీటర్ చూసెటోన్ని" అన్నాడు. కోడలు నవ్వింది. నేను నవ్వలేదు.

నారాయణగూడ అవతల కంటి ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ చిన్నపిల్ల. ముందు కుడి కన్ను, కొన్నాళ్లు పోయాక ఎడమ కన్ను ఆపరేషన్ చేయాలంది. పొర ఇంకా ముదరలేదు, ముదిరాక వస్తానన్నాను. మన పెద్దమ్మ ముదరకముందే తీయించుకుంటే ఆ కన్ను చచ్చేదాకా నీరు కారింది కదా. డాక్టరమ్మ వినదు. "అవన్నీ పాత మాటలు అమ్మా, ముదిరేదాక ఆగితెనే కష్టమైతది" అంటుంది. పైగా ఎండలు వస్తున్నాయి. ఎండాకాలం కన్ను కోస్తే మానదు. వానలు పడనీ అని చెప్పి వచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. నీకు చెవులు లేవు కాబట్టి మనకు ఫోన్ లేదు. ఆ వాట్సప్‌లో అక్షరాలు నాకు చీమల్లాగా ఉంటాయి. మనిద్దరికీ మిగిలింది ఈ కాగితం ఒక్కటే. నా కళ్లు కూడా పోతే ఇదీ పోతుంది. అప్పుడు నువ్వు ఉన్నావో లేదో మందిని అడిగి తెలుసుకోవాలి. కోడలితో చదివించుకోవచ్చు కదా అంటావు. కోడలు చదివే ఉత్తరంలో నువ్వేం రాస్తావు, నేనేం వింటాను?

అందుకని నువ్వు చెవి మిషన్ పెట్టించుకోవాలి. కోఠిలో దుకాణం ఉంది, ఉమాకాంత్ కనుక్కున్నాడు. మనిషే వచ్చి పరీక్ష చేయించుకోవాలట. బస్సుకు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఆ సాకు కూడా లేదు. ఉగాది అయిన వారం రా. కిటికీ పక్కన కూర్చోకు, ఎండ దెబ్బ తగులుతుంది. ఇటు చివర కూడా కూర్చోకు, దిగేవాళ్ల సంచులు తగులుతాయి.

పైన కిరాయికి ఉన్న సాగర్ ఇంకా పరీక్షలకు చదువుతూనే ఉన్నాడు. ప్రతి సోమవారం కొత్త టైం టేబుల్ రాసి గోడకు అంటిస్తాడు. వాడి గోడ చూస్తే నాకు దిగులు.

నీ రాక కోసం చూసే
అక్క


సూర్యాపేట,
25 మార్చి 2024

అక్కా,

నీ ఉత్తరం అందింది. అంత లావు అక్షరాలతో రాశావు, పోస్టు అతను కూడా చదివి ఉంటాడు.

వస్తాను. ఉగాది అయినాక కాదు, జగదీశ్వర్ విత్తనాల దుకాణానికి సరుకు దిగే రోజులు, కోడలు భాగ్యశ్రీ ఒక్కతే పిల్లలతో వేగలేదు. ఏప్రిల్ మూడో ఆదివారం పొద్దున బస్సెక్కుతాను. ఇమ్లీబన్ బస్టాండులో దిగుతాను.

చెవి మిషన్ పెట్టుకుంటే ఉన్న కొద్ది వినికిడి కూడా పోతుందని మా వీధి చివరి హెడ్మాస్టర్ గారి భార్య అంటుంది. ఆమె మిషన్ గూట్లో పడి ఉంది, ఈగలు వాలుతున్నాయి. అయినా నువ్వు చెబుతున్నావు కాబట్టి వస్తాను.

నీ కన్ను ముదరడమేమిటి? అది మామిడికాయా, గడ్డిలో వేసి పండబెట్టడానికి? పెద్దమ్మ కన్ను నీరు కారింది ఆపరేషన్ వల్ల కాదు. కట్టు విప్పి పొయ్యి ముందు కూర్చుని పొగలో జొన్నరొట్టెలు చేసింది. నేను అక్కడే ఉన్నాను.

చింతచిగురు ఎండబెట్టి పెట్టాను. తెస్తాను.

అనసూయ


చిక్కడపల్లి,
23 ఏప్రిల్ 2024

అనసూయకు,

ఆశీర్వాదం రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. బాగుండు.

ఆదివారం ఉమాకాంత్‌ను లేపి, వాడు సెలవు రోజు కూడా నిద్ర లేదని గొణుగుతుంటే వినకుండా ఇమ్లీబన్‌కు పోయాం. సూర్యాపేట బస్సు వచ్చినప్పుడల్లా నేను లేచి నిలబడ్డాను. నాకు మొహాలు కనబడవు, చీర రంగును బట్టి నువ్వే అనుకుని ఒకామె చెయ్యి పట్టుకున్నాను. ఆమె "ఎవరమ్మా నువ్వు, ఇడువు" అంది. మధ్యాహ్నం దాటింది. నీ కోసం చేసి తెచ్చిన సర్వపిండి రొట్టె డబ్బాలోనే మెత్తబడింది. ఉమాకాంత్ నీ కొడుక్కు ఫోన్ చేస్తే "అమ్మ పోతననే అనలేదు గద అన్నా" అన్నాడు. బస్సు బోల్తా పడిందేమో, దారిలో దిగి తప్పిపోయిందేమో అని ఇన్ని అనుకున్న నాకు, నువ్వు ఇంట్లో కూర్చుని పప్పు ఏరుతున్నావని తెలిస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించు.

ఉమాకాంత్ దారంతా ఒకటే మాట. "పిన్నికి రావాలని లేదమ్మా. ఉంటే వచ్చేది." వాడికేం తెలుసు. నువ్వు వస్తానని రాసి రాకుండా ఉండే దానివి కావు. నాకు తెలియనిదేదో అక్కడ ఉంది. భాగ్యశ్రీ వద్దన్నదా? ఇంటి పని ఆగిపోతుందని నిన్ను కదలనివ్వడం లేదా? ఉంటే ఒక ముక్క రాయి. నేను ఎవరికీ చెప్పను.

నా కంటికి ఈ నెలాఖరు నుంచి మూఢం అడ్డం వస్తోంది. మూఢంలో మంచి పనులు చేయరు కదా. కన్ను కోయడం మంచి పనా చెడ్డ పనా అని గుళ్లో అయ్యగారిని అడిగితే "దవాఖాన పనికి మూఢం లేదమ్మా" అన్నాడు. ఈ కాలం అయ్యగార్లకు దేనికీ పట్టింపు లేదు. నేను ఆగుతాను.

సాగర్‌ను నిన్న మెట్ల మీద పట్టుకుని అడిగాను, అశోక్‌నగర్ లైబ్రరీకి పోకుండా మిద్దె మీద చెట్లకు నీళ్లు పోస్తున్నాడు. "నీకు నౌకరీ కావాల్నా వద్దా బిడ్డా?" అన్నాను.

"కావాలె అమ్మమ్మా. కూసోబుద్ధి అయితలేదు."

"కావాలంటే కూర్చోవాలి కదా."

"మీ కండ్లు మీకు కావాల్నా వద్దా?" అన్నాడు. చదువుకున్న వాళ్లకు ఎదురు మాటలు మాత్రం వస్తాయి.

కొత్త తేదీ రాయి. నిజమైన తేదీ రాయి.

అక్క హనుమమ్మ


సూర్యాపేట,
6 మే 2024

అక్కా,

మోకాలు పట్టేసింది. అందుకే రాలేదు. సర్వపిండి పాడైనందుకు బాధగా ఉంది.

భాగ్యశ్రీ ఏమీ అనలేదు. వానలు పడ్డాక వస్తాను. నువ్వు కూడా వానలు పడ్డాకే అన్నావు కదా, ఎవరు ముందో చూద్దాం.

అనసూయ


చిక్కడపల్లి,
11 జూన్ 2024

చెల్లె అనసూయకు,

నీ చిన్న ఉత్తరం చూసి నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడూ రెండు పేజీలు రాసే మనిషివి, ఒక మూలకు నాలుగు ముక్కలు రాశావంటే పక్కన ఎవరో నిలబడి ఉన్నారన్నమాట. మోకాలు అన్నావు. మోకాలు పట్టేస్తే గుళ్లో భజనకు ఎట్లా పోతున్నావు? నీ భజన ఫోటో జగదీశ్వర్ పంపించాడని ఉమాకాంత్ చెప్పాడు.

ఇక ఊరుకోలేక నిన్న భాగ్యశ్రీకి ఫోన్ చేశాను. చేయకూడదని మహేశ్వరి అంది, అయినా చేశాను. మెల్లగానే అడిగాను. "మా చెల్లె నా దగ్గరికి వస్తనంటె నువ్వెందుకు పంపుతలేవు బిడ్డా, ఆమె ఏమన్న నీ ఇంట్ల జీతం ఉన్నదా" అన్నాను. ఆ పిల్ల "పెద్దత్తమ్మా, ఆమెను అడుగుండ్రి" అని పెట్టేసింది. మాట పడని కోడలు అని అప్పుడే తెలిసింది నాకు.

నువ్వేం భయపడకు. కావాలంటే ఉమాకాంత్ కారు తీసుకుని వస్తాడు. మెట్లు దిగి బయటికి వస్తే చాలు.

ఎడమ కన్ను కూడా మసకబారుతోంది. ఈ ఉత్తరం రాయడానికి రెండు పూటలు పట్టింది. పొర ముదురుతున్నట్టే ఉంది, మంచిదే అనుకుంటున్నాను. ఇంట్లో వాళ్లు ఆసుపత్రి మాటెత్తితే చెల్లె చెవులు కానీ అంటున్నాను. నీకు చెవులు వస్తే నాకు ఈ తొందర ఉండదు కదా.

ధైర్యంగా ఉండు.

నీ అక్క


సూర్యాపేట,
17 జూన్ 2024

హనుమమ్మక్కకు,

ఇంత కోపంతో నీకు ఎప్పుడూ రాయలేదు. కూర్చుని నిదానంగా చదువు.

నా పక్కన ఎవరూ నిలబడలేదు. నన్ను ఎవరూ ఆపలేదు. ఆ ఆదివారం భాగ్యశ్రీ నాకు సంచి కూడా సర్దింది. గుమ్మం దాకా వచ్చి నేనే తిరిగి లోపలికి పోయాను. ఆమెతో మోకాలు అన్నాను, కొడుకుతో నేను పోతానని అననే లేదని అన్నాను.

నీ ఫోన్ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో విను. భాగ్యశ్రీ పిల్లల పలక తెచ్చి, "నేను మిమ్మల్ని ఆపినానా?" అని రాసి నా ముందు పెట్టింది. కళ్లనిండా నీళ్లు. జగదీశ్వర్ పలక లాక్కుని "నిజం చెప్పు అమ్మా" అని రాశాడు. ఆపలేదని చెప్పాను. "మరి ఎందుకు పోలేదు?" అని ఇద్దరూ ఒకేసారి చేతులు తిప్పారు.  దానికి జవాబు ఉంది, కానీ వాళ్లకు చెప్పేది కాదు. నీకు చెబుతాను, ఎందుకంటే నువ్వు చెప్పించేదాకా వదలవు.

నాకు వినపడాలని లేదు.

వినపడిన రోజుల్లో ఈ ఇల్లు ఎట్లా ఉండేదో నీకెప్పుడూ రాయలేదు. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. కానీ ప్రతి మాటకూ వాళ్లకొక పెద్దమనిషి కావాలి. "అమ్మా, నువ్వే చెప్పు" అని వాడు. "అత్తమ్మా, మీరే చెప్పుండ్రి" అని ఆమె. చారులో పులుపు దగ్గర మొదలుపెట్టి పిల్లను ఏ బడిలో వేయాలన్న దాకా. వాడి వైపు చెబితే ఆమె నాతో మాట్లాడేది కాదు. ఆమె వైపు చెబితే వాడు కంచం ముందు నుంచి లేచేవాడు. చెవులు మందగించాక ఇద్దరూ నా ముందే పోట్లాడుకుంటారు, ఇద్దరికీ తల ఊపుతాను. నేను తన వైపే అని వాడు అనుకుంటాడు, ఆమె కూడా అట్లాగే అనుకుంటుంది. వాడు బత్తాయిలు తెస్తాడు, ఆమె నా తల దువ్వుతుంది. అరవై దాటాక నాకు దొరికిన సుఖం ఇది ఒక్కటే. దాన్ని కోఠిలో అప్పగించి రమ్మంటావు.

వస్తానని రాసిన ప్రతిసారీ నిజంగా వద్దామనే అనుకున్నాను, అది అబద్ధం కాదు. సంచి చేతిలోకి తీసుకున్నప్పుడు తెలిసింది. కావాలనుకున్న మనిషి చేస్తుంది అక్కా. చేయడం లేదంటే కావాలని లేదన్నట్టే. నేను నాకే అబద్ధం చెప్పుకున్నాను, ఇక చెప్పుకోను.

నీ సంగతి కూడా చెప్పనా? నువ్వే రాశావు, నాకు చెవులు వస్తే నీకు తొందర ఉండదని. ఫోన్‌లో మాట్లాడడానికి కళ్లు అక్కర్లేదు. అప్పుడు నీ పొర ఎన్నాళ్లైనా తీరిగ్గా ముదరవచ్చు. నువ్వు కత్తి తప్పించుకోవడానికి నా చెవిలో మిషన్ పెట్టించాలనుకున్నావు. నీ భయానికి నా కోడలు మాట పడింది.

ఆమెకు ఫోన్ చేసి తప్పైందని చెప్పు. ఆ తర్వాతే నాకు రాయి.

అనసూయ


చిక్కడపల్లి,
24 జూలై 2024

అనసూయా,

భాగ్యశ్రీకి చెప్పాను. "అయిపోయింది తియ్యి పెద్దత్తమ్మా" అంది. ఆ పిల్ల గొంతు మంచిది. నువ్వు వినలేదు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నెల దాటింది. మొదటి వారం నీ మీద కోపం. రెండో వారం ఆ ఉత్తరం ఎవరి కంటా పడకుండా బియ్యం డబ్బా కింద పెట్టాను. తర్వాత నిన్ను అబద్ధం చేద్దామని నేనే ఉమాకాంత్‌తో "ఆసుపత్రిలో తేదీ తీసుకో" అన్నాను. వాడు నమ్మలేదు. రెండుసార్లు అడిగి అప్పుడు తీసుకున్నాడు.

ఏం జరిగిందో చెబుతాను, నవ్వకు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

పొద్దున్నే పోయాం. చీర మీద ఆకుపచ్చ అంగీ తొడిగారు. ఏ కన్నో మరిచిపోకుండా కుడి కనుబొమ్మ మీద తెల్ల పట్టీ అంటించారు. మందు చుక్కలు వేసి వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. నాలాంటి ముసలివాళ్లే అందరూ, నుదుటి మీద పట్టీలతో. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. నా పక్కనామె "నాకు ఎడమది గూడ ఇక్కడనే అయ్యింది, చీమ కుట్టినట్టు గూడ ఉండది" అంది. సరే అనుకున్నాను. నా ముందు ఇద్దరే ఉన్నారు. బాత్రూంకు పోయి వస్తానని నర్సమ్మకు చెప్పాను. నిజంగా బాత్రూంకే లేచాను అనసూయా. అటు పోతుంటే మెట్లు కనబడ్డాయి. నా కాళ్లు మెట్లు దిగాయి.

చుక్కలు వేసిన కంటికి ఎండ సూదుల్లా గుచ్చుతోంది. ఆటో అతను నా పట్టీ చూసి "ఆపరేషన్ అయ్యిందా అమ్మా?" అన్నాడు. అయిందన్నాను. "మరి ఒక్కదానివే పంపినారేంది?" అన్నాడు.  అక్కడ ఆసుపత్రిలో ఉమాకాంత్ టీ తాగి వచ్చి, కుర్చీ ఖాళీగా ఉంటే లోపలికి తీసుకుపోయారనుకుని కూర్చున్నాడు. తర్వాత అంతస్తులన్నీ వెతికారట. నేను సందు మొదట్లో ఆటో దిగి ఆ ఆకుపచ్చ అంగీతోనే ఇంటిదాకా నడిచి వచ్చాను.  ఉమాకాంత్ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. అంగీ ఉతికి ఇచ్చి వచ్చాడు.

కావాలనుకున్న మనిషి చేస్తుందని రాశావు. ఆ మాట ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు కుదరడం లేదు. నాకు కావాలనే ఉంది. పొద్దున లేవగానే ఈ పాలు పోసిన లోకం చూస్తే ఏడుపు వస్తుంది. నీ అక్షరాలు నాకు కావాలి. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా కావాలనే ఉంది. మెట్లు దిగుతున్నప్పుడు కూడా, తిరిగి పో, తిరిగి పో అని నన్ను నేనే తిట్టుకుంటూ దిగాను. నీకు ఇష్టం లేదు, నువ్వు చేయలేదు. అది వేరు. నాకు ఇష్టం ఉంది, కాళ్లు రావు. మనిద్దరినీ ఒకే గాటన కట్టకు. నీకు కనీసం సుఖం ఉంది. నాకేముంది?

ముదరడం, మూఢం, ఎండ, అవన్నీ సాకులని నాకూ తెలుసు. తెలిస్తే పోతాయని అనుకున్నాను. పోలేదు.

ఇక్కడ పరీక్ష వాయిదా వేయాలని అశోక్‌నగర్, చిక్కడపల్లి పిల్లలంతా రోడ్డు మీద కూర్చున్నారు. రెండు పరీక్షలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎట్లా చదువుతారని వాళ్ల బాధ, న్యాయమే. చివరికి వాయిదా పడింది. సాగర్ "పడ్డది అమ్మమ్మా" అని మిఠాయి తెచ్చాడు. ఒకటి నాకిచ్చి, ఒకటి తను తింటూ తింటూ ఆగిపోయాడు. "ఇంక ఐదు నెలలు గోడ చూడాలె" అన్నాడు.

ఈ పెన్నుతో కూడా గీతలు కలిసిపోతున్నాయి. ఇదే ఆఖరు ఉత్తరమేమో. నీ చెవుల మాట ఇక ఎత్తను.

అక్క


సూర్యాపేట,
1 ఆగస్టు 2024

అక్కా,

నీకు కనబడాలని పెద్దగా రాస్తున్నాను. తేదీ మళ్లీ పెట్టించు. నేను వస్తాను. ఈసారి సంచి సర్దుకోను, చేతులు ఊపుకుంటూ వస్తాను, అప్పుడు గుమ్మం దగ్గర ఆగను. నీ చీరలే కట్టుకుంటాను.

నేను నీ కన్ను కోసం వస్తున్నాను. కోఠికి తీసుకుపోతే అక్కడి నుంచే బస్సెక్కుతాను.

ఉమాకాంత్‌ను టీ తాగడానికి పోవద్దని చెప్పు.

అనసూయ


సూర్యాపేట,
9 సెప్టెంబర్ 2024

అక్కా,

క్షేమంగా చేరాను. భాగ్యశ్రీ నేను చిక్కానని చేతితో చూపింది. నీ ఇంట్లో తిన్నదంతా ఎటు పోయిందో.

చుక్కలు మరవకు. పొయ్యి ముందు కూర్చోకు. నీ మీద మహేశ్వరిని నిఘా పెట్టి వచ్చాను.

నీకొక మాట రాయాలి. నీ ఆపరేషన్ రోజు చిక్కడపల్లిలో ఆటో ఎక్కింది మొదలు నారాయణగూడ ఫ్లైఓవర్ దాటేదాకా నీ నోరు ఆగలేదు. నా చెయ్యి గుంజుతూ ఏదో చెబుతూనే ఉన్నావు. ఆటో అతను కూడా ఒకసారి తిరిగి చూశాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. నేను నీ మణికట్టు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాను. ఆసుపత్రిలో కుర్చీ దగ్గర కూడా అంతే.

ఆపరేషన్ గది తలుపు దగ్గర నువ్వు వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసి ఒక మాట అన్నావు. చిన్న మాట. నేను తల ఊపాను. నువ్వు లోపలికి పోయావు.

నువ్వేమన్నావో నాకు తెలియదు అక్కా. తెలియకుండానే ఊపాను. ఇంట్లో వీళ్లకు ఊపినట్టే నీకూ ఊపాను. నువ్వు లోపల ఉన్నంతసేపు అదే ఆలోచించాను. అప్పగింతల మాట చెప్పావేమో, ఉమాకాంత్‌ను చూసుకోమన్నావేమో, ఏదైనా అయితే నేను ఏం విన్నానని చెప్పాలి? నాకు ఎవరి తీర్పులూ వినపడకపోతే చాలనుకున్నాను. నీ మాట కూడా వినపడకూడదని అనుకోలేదు.

అందుకని బయల్దేరే ముందు నీకు చెప్పకుండా ఉమాకాంత్‌తో కోఠిలో తేదీ తీసుకున్నాను. దసరాకు ముందు వస్తాను. మిషన్ పెట్టించుకుంటాను. ఇక్కడ ఎవరికీ చెప్పను. ఇంట్లో తీసి పెట్టేస్తాను, నీ దగ్గర, ఫోన్ దగ్గర మాత్రమే పెట్టుకుంటాను. అది కుదురుతుందో లేదో తెలియదు. కానీ ఈసారి నిజంగానే కావాలని ఉంది.

తలుపు దగ్గర ఏమన్నావో రాయి.

అనసూయ


చిక్కడపల్లి,
17 సెప్టెంబర్ 2024

చెల్లె అనసూయకు,

చూశావా, మామూలు నీలం పెన్ను. అక్షరాలు గీత మీదే ఉన్నాయి. కుడి కంటికి ఎంత వెలుగు వచ్చిందంటే వంటింటి గోడ మీది మసి చూసి కోడలిని ఇన్నాళ్లు ఏమీ అననందుకు నాకే ఆశ్చర్యం వేసింది. ఇప్పుడూ ఏమీ అనలేదు. సాగర్‌ను చూశాను. వాడి చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి. నేను ఇన్నేళ్లు పిల్లాడనుకుని తిడుతున్నాను. ఆ రోజు నుంచి వాడిని ఏమీ అడగలేదు.

తలుపు దగ్గర ఏమన్నానని అడిగావు, ముందు ఆటోలో అన్నవి చెబుతాను. అవన్నీ రాస్తే ఈ కాగితం చాలదు. గ్యాస్ కట్టేయడం మరిచిపోయాను వెనక్కి తిప్పు అన్నాను. గుండె దడగా ఉంది, బీపీ ఎక్కువుంటే వాళ్లే పంపిస్తారు, ఎందుకు పోవడం అన్నాను. నీకు ఆకలి అవుతున్నదేమో దిగి ఇడ్లీ తిందాం అన్నాను. వచ్చే వారం పోదాం, ఒట్టు అన్నాను. ఆటో అతనితో ఆపమన్నాను కూడా, అతను నీ మొహం చూసి ఆపలేదు. అందులో ఒక్క మాట నీకు వినపడినా మనం ఆ రోజు ఇంటికి వచ్చేసేవాళ్లం. ఉమాకాంత్‌కు వినపడతాయి కాబట్టే వాడు నన్ను ఇన్ని నెలలు తీసుకుపోలేకపోయాడు. వాడు ప్రతిదానికీ జవాబు చెబుతాడు, నేను ఇంకోటి అడుగుతాను.

తలుపు దగ్గర అన్నది అప్పగింతలు కాదు. "నాకేం కాదు గదనే?" అన్నాను. డాక్టరమ్మ ఏం కాదంది, కొడుకు ఏం కాదన్నాడు, పక్క కుర్చీ ఆమె చీమ కుట్టినట్టు కూడా ఉండదంది. ఎవరిని నమ్మాను? నువ్వు తల ఊపావు, గట్టిగా, ఒక్కసారి. అది పట్టుకుని లోపలికి పోయాను. లోపల పడుకున్నంతసేపు అనసూయ చెప్పింది కదా అనుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడేమో తెలియకుండా ఊపానని రాశావు. ఈ మాట నువ్వు రాయకుండా ఉండవలసింది. అబద్ధాలు అన్నిచోట్లా ఆడి, నా దగ్గరకు వచ్చేసరికి ఎక్కడ లేని నిజం చెప్పావు. ఇప్పుడు నేను రెండోసారి దేన్ని పట్టుకుని పోవాలి?

ఎందుకంటే ఎడమ కన్ను ఉంది. డాక్టరమ్మ అక్టోబర్ మొదట్లో అంది. బతుకమ్మ పండుగ కానీ అన్నాను. భయంతో కాదు, ఇంటి ముందు ఆడపిల్లలు ఆడుతుంటే పట్టీ వేసుకుని మంచం మీద ఎవరు పడుకుంటారు? మహేశ్వరి నా వైపు చూసిన చూపు ఇప్పుడు నాకు బాగా కనబడింది. మొదటిది చేయించుకున్న దాన్ని కదా, రెండోదానికి భయం ఉండదని అందరూ అంటున్నారు. నిన్న సందు మొదట్లో ఆటో ఆగితే నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. అది మన ఇంటికి వచ్చిన ఆటో కూడా కాదు.

నీకు వినపడాలని బుద్ధి పుట్టినందుకు సంతోషించాలి నేను. మార్చి నుంచి మొత్తుకుంటున్నది దాని కోసమే కదా. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, ఏడ్చి, లేచి ఉమాకాంత్‌తో కోఠి దుకాణానికి ఫోన్ చేయించాను. ఆ తేదీ వద్దని చెప్పించాను. వాడు ఫోన్ పెట్టేసి నా ముందు కూర్చుని, "ఏంది అమ్మా నువ్వు" అన్నాడు. 

దసరా వెళ్లిన మర్నాడే రా. సంచి లేకుండానే రా. నీ చెవుల సంగతి నా రెండో కన్ను అయినాక చూద్దాం. అప్పటిదాకా దయచేసి ఏమీ వినకు.

నీ అక్క
హనుమమ్మ